పాత మెజ్జోటింట్ రేవు చిత్రాలు: గుర్తించడం, ఎంచుకోవడం, చెమ్మ నుంచి కాపాడుకోవడం

మెజ్జోటింట్ అంటే గరుకు చేసిన లోహపు ఫలకం మీద నలుపులోంచి వెలుగు తీసి, కాగితం మీద అచ్చువేసిన బొమ్మ. దాన్ని కొనేవాళ్ళు చాలామంది ముందు పేరు చూస్తారు. ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్‌దా కాదా, అక్కడి డోవర్ రేవా విట్బీయా, ఏ సంవత్సరం అని అడుగుతారు. ముందు అడగవలసింది అది కాదు. ఒకే ఫలకం నుంచి మొదట్లో తీసిన ప్రతికీ, ఫలకం అరిగాక తీసిన ప్రతికీ తేడా చాలా పెద్దది. మొదటిదాంట్లో అలల కింద నీళ్ళ లోతు కనిపిస్తుంది, రెండోదాంట్లో బూడిదరంగు కాగితం కనిపిస్తుంది. పేరు, తేదీ, కొలత రెండింటికీ ఒకటే. అందుకే బొమ్మ ఏ రేవుదో చూసే ముందు, ఫలకం ఏ స్థితిలో ఉండగా అచ్చయిందో చూడటం నేర్చుకోవాలి.

దానికి పని జరిగే తీరు తెలియాలి. రాగి ఫలకాన్ని ముందు మొత్తంగా గరుకు చేస్తారు. ఇందుకు వాడే పనిముట్టు రాకర్. దాని వంపు తిరిగిన అంచు మీద అంగుళానికి సుమారు 50 నుంచి 100 దాకా సన్నని పళ్ళుంటాయి. దాన్ని ఉయ్యాలలా అటూ ఇటూ ఊపుతూ ఫలకం ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిపిస్తారు. తర్వాత కోణం కొంచెం మార్చి మళ్ళీ మొదలుపెడతారు. ఇలా డజన్ల కొద్దీ దిక్కుల్లో నడిపితేనే ఫలకం తయారవుతుంది. ప్రతి పంటి గుంట పక్కనా రాగి కొద్దిగా పైకి లేచి ముల్లులా నిలబడుతుంది. దీన్ని బర్ అంటారు. సిరాను పట్టి ఉంచేది ముఖ్యంగా ఈ బర్రే. ఈ దశలో అచ్చు వేస్తే కాగితం నిండా మఖమల్ లాంటి నలుపు వస్తుంది. ఇక అక్కడి నుంచి చెక్కేవాడు వెలుగు తీస్తూ పోతాడు. స్క్రేపర్‌తో బర్‌ను గీకి, బర్నిషర్‌తో నున్నగా రుద్దుతాడు. కొంచెం గీకితే బూడిదరంగు, బాగా గీకి నునుపు చేస్తే తెలుపు. మబ్బు అంచు, అల మీది నురుగు, తడి ఇసుక మీది మెరుపు అన్నీ ఇలా చీకట్లోంచి పైకి తీసినవే.

ఆ రాగి ముళ్ళు మెత్తనివి. సిరా తుడిచిన ప్రతిసారీ, ప్రెస్సు కింద నలిగిన ప్రతిసారీ కాస్త కాస్త అణుగుతాయి. రాగి ఫలకం నుంచి మేలైన ప్రతులు కొన్ని పదులే వస్తాయి, వంద దాటితే దిగజారడం కంటికి తెలుస్తుంది. ఈ చిక్కు తీరడానికే థామస్ లప్టన్ మెత్తని ఉక్కు ఫలకం మీద మెజ్జోటింట్ చేసి చూపాడు, 1822లో లండన్‌లోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ అతనికి పతకం ఇచ్చింది. ఉక్కు మీద వందలు, వేలు తీయవచ్చు. అయితే ఉక్కు నలుపులో రాగి నలుపులోని మెత్తదనం ఉండదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఉక్కుది కొంచెం చల్లగా, పలచగా, సన్నని నేతలా ఉంటుంది.

దగ్గర ఉంచుకోవలసినవి

10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం, ఫోన్ టార్చి, 30 సెంటీమీటర్ల స్కేలు, 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి, శుభ్రమైన తెల్లని అట్ట ఒకటి. చేతులు సబ్బుతో కడిగి బాగా ఆరబెట్టుకుంటే చాలు. నూలు చేతి తొడుగులు వేసుకుంటే కాగితం అంచు చేతికి తెలియదు, చినిగేది అప్పుడే. కాగితాన్ని ఎప్పుడూ రెండు చేతులతో, ఎదురెదురు మూలల దగ్గర పట్టుకుని ఎత్తాలి.

మొదటి అడుగు: అది మెజ్జోటింటేనా?

భూతద్దం ముందు బాగా నల్లటి చోట కాదు, నలుపు నుంచి తెలుపుకు మారే చోట పెట్టండి. ఓడ నీడ నీటిలో కరిగే చోటు సరిగ్గా సరిపోతుంది. మెజ్జోటింట్ అయితే అక్కడ చిన్న చిన్న చుక్కలు వరుసలు కట్టి, ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుంటూ కనిపిస్తాయి. రాకర్ పళ్ళు నడిచిన జాడ అది. వెలుతురు వైపు పోయేకొద్దీ వరుసలు తెగి, విడి చుక్కలుగా మిగులుతాయి.

అక్వాటింట్‌లో వరుసలుండవు. రజను పొడి చల్లి ఆమ్లంతో కొరికించిన పని కాబట్టి చిన్న తెల్ల దీవుల చుట్టూ నల్లటి వల అల్లుకున్నట్టుంటుంది. పైగా నీడలు మెట్లు మెట్లుగా మారతాయి, మెజ్జోటింట్‌లోలా జారుతూ మారవు. లిథోగ్రాఫ్‌లో మైనపు కడ్డీ గీసినట్టు రాతి గరుకు కనిపిస్తుంది, కాగితం మీద ఫలకం ఒత్తిన గుర్తు ఉండదు. కొలోటైప్‌లో సన్నని వానపాముల్లా మెలికలు కనిపిస్తాయి. క్రమమైన చుక్కల గడులు కనిపిస్తే అది ఏదో పుస్తకంలోంచి తీసిన హాఫ్‌టోన్ అచ్చు.

అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది ఫోటో ఆధారంగా ఫలకం తయారుచేసే ఫోటోగ్రావ్యూర్. అది కూడా రాగి ఫలకం నుంచే అచ్చవుతుంది, అంచు ఒత్తు గుర్తు ఉంటుంది, గోధుమ రంగు సిరా కూడా అలాగే ఉంటుంది. టర్నర్ లిబెర్ స్టూడియోరమ్ అనే వరుసలోని బొమ్మలకు ఫోటో పద్ధతుల్లో నకళ్ళు చాలా వచ్చాయి, వాటిని అసలువిగా చూపడం ఇప్పటికీ మామూలే. తేడా ఒక్క చోట పట్టుబడుతుంది. ఫోటోగ్రావ్యూర్‌లో బొమ్మలోని చెక్కిన గీతలు కూడా అదే సన్నని పొడి గరుకుతో నిండి ఉంటాయి, పక్కనున్న నీడతో కలిసిపోతాయి. అసలు మెజ్జోటింట్‌లో ఆమ్లంతో కొరికిన గీత మీద సిరా గట్టుకట్టి కాగితం కన్నా కొంచెం ఎత్తుగా నిలబడుతుంది. టార్చిని కాగితానికి దాదాపు సమాంతరంగా పట్టి చూడండి, ఓడ తాళ్ళ గీతలు మెరుస్తాయి.

ఇక్కడ మన తీరం గురించి ఒక మాట. మద్రాసు, మచిలీపట్నం, విశాఖ తీరాల పాత దృశ్యాలు అమ్మకానికి వచ్చినప్పుడు వివరణలో మెజ్జోటింట్ అని ఉంటే భూతద్దం పెట్టకుండా నమ్మకండి. కోరమాండల్ తీరపు దృశ్యాలు ఎక్కువగా గీత చెక్కడంలోను, అక్వాటింట్‌లోను, తర్వాత లిథోగ్రాఫ్‌లోను వచ్చాయి. థామస్, విలియం డేనియల్ అనే ఇంగ్లండ్ చిత్రకారులు భారతదేశం మీద అచ్చువేసిన పెద్ద చిత్రాలు అక్వాటింట్‌లు. అవి తక్కువవేమీ కావు, అయితే వాటి విలువ కట్టే తీరు వేరు. మెజ్జోటింట్ సముద్రం ప్రధానంగా ఇంగ్లండ్ సముద్రం.

రెండో అడుగు: అంచు, కాగితం, రాత

ఫలకం ఒత్తిన లోతైన అంచు గుర్తు నాలుగు వైపులా ఉందా చూడండి. పాతకాలంలో ఆల్బంలో అతికించుకోవడానికి అంచులు కత్తిరించేసేవారు కాబట్టి గుర్తు లేనంత మాత్రాన నకలనుకోనక్కర్లేదు. అయితే ధర బాగా తగ్గాలి. గుర్తు బయట కనీసం 1 సెంటీమీటరు కాగితం మిగిలితే సంతోషించవచ్చు.

కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూడండి. సమాంతరంగా సన్నని గీతలు, వాటికి అడ్డంగా దూర దూరంగా గీతలు కనిపిస్తే అది లెయిడ్ కాగితం. ఏ గీతలూ లేకుండా సమంగా ఉంటే వోవ్ కాగితం, 1750ల తర్వాత వాడుకలోకి వచ్చింది. కాగితం తయారీదారు వాట్‌మన్ పేరు, దాని పక్కన సంవత్సరం ఉన్న నీటిగుర్తు (వాటర్‌మార్క్) ఇంగ్లండ్ ముద్రల్లో తరచుగా దొరుకుతుంది. 1794 తర్వాత సుంకాల నిబంధన వల్ల మిల్లులు కాగితంలోనే సంవత్సరం వేయడం మొదలుపెట్టాయి. ఆ సంవత్సరం చెప్పేది ఒక్కటే: అచ్చు అంతకు ముందు పడలేదని. బొమ్మ కింద 1811 అనీ, కాగితంలో 1822 అనీ ఉంటే మీ చేతిలో ఉన్నది ఆలస్యంగా తీసిన ప్రతి.

చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వేస్తే కాగితం నీలంగా వెలిగిపోతోందా? అది 20వ శతాబ్దం నడిమి కాలం తర్వాతి కాగితం, తెల్లదనం కోసం రసాయనం కలిపారు. పాత గుడ్డ కాగితం మసకగా, కొంచెం పసుపుగా ఉండిపోతుంది. వెనక అతికించిన మరమ్మతు ముక్కలు కూడా ఈ వెలుతురులో బయటపడతాయి.

బొమ్మ కింద ఎడమవైపు పింక్సిట్ అనే మాట ఉంటే అది చిత్రం వేసినవాడి పేరు, కుడివైపు స్కల్ప్‌సిట్ లేదా ఫెసిట్ అంటే చెక్కినవాడి పేరు, ఎక్స్‌కుడిట్ అంటే ప్రచురించినవాడు. 1735 నాటి ఇంగ్లండ్ చట్టం ప్రకారం హక్కు నిలవాలంటే ప్రచురణ తేదీ, హక్కుదారు పేరు ఫలకం మీదే చెక్కాలి. అందుకే మధ్యలో సన్నని ప్రచురణ వాక్యం ఉంటుంది. చిక్కేమిటంటే, ఆ వాక్యం ఫలకం మీద ఉంది కాబట్టి ముప్ఫై ఏళ్ళ తర్వాత తీసిన ప్రతిలోనూ అదే తేదీ పడుతుంది. శీర్షిక అక్షరాలు చెక్కకముందు తీసిన ప్రతుల్ని, అక్షరాలు సన్నగా గీతలుగానే గీకి ఉన్నప్పటి ప్రతుల్ని ప్రూఫులంటారు. ఆ తర్వాత గీతల మధ్య నలుపు నింపి నిండు అక్షరాలు చేస్తారు. అక్షరాలు ఎంత తేలికగా ఉంటే ప్రతి అంత ముందుదయ్యే అవకాశం ఎక్కువ. మరీ గట్టి నమ్మకం మాత్రం వద్దు, ప్రూఫు పేరుతో వందలు తీసి అమ్మిన ఉక్కు ఫలకాలూ ఉన్నాయి.

మూడో అడుగు: ప్రతి బలం చూడటం

ఈ అడుగు మీద పెట్టినంత సమయం ఇంక దేనిమీదా పెట్టనక్కర్లేదు. రేవు చిత్రంలో నాలుగు చోట్లు వరుసగా చూడండి.

ఒకటి, అన్నిటికన్నా నల్లటి చోటు. ఓడ పక్కభాగమో, వంతెన కింది నీడో అయి ఉంటుంది. మంచి ప్రతిలో ఆ నలుపు లోపలికి లాగుతుంది, దాంట్లోనే ఇంకో నలుపు కనిపిస్తుంది: తాడు చుట్ట, లంగరు, కూర్చున్న మనిషి. అరిగిన ప్రతిలో అదే చోటు బొగ్గు పొడి చల్లినట్టు చదునుగా, మధ్య మధ్య తెల్లటి మచ్చలతో ఉంటుంది.

రెండు, ఆకాశం. మబ్బు లోపలి లేత బూడిదరంగులే అన్నిటికన్నా ముందు పోతాయి. అక్కడ బర్ సగం గీకి ఉంటుంది కాబట్టి మిగిలింది తక్కువ. ఆ మిగిలింది కాస్తా అణిగిపోతే మబ్బుకు వంపు పోతుంది. తుఫాను మబ్బు పొగలా మిగులుతుంది.

మూడు, నీళ్ళు దూరంగా ఆకాశాన్ని కలిసే గీత. మొదటి ప్రతుల్లో ఆ గీత ఉండీ లేనట్టుంటుంది, దూరపు తెరచాపలు లీలగా కనిపిస్తాయి. అరిగితే అక్కడ కత్తితో కోసినట్టు అంచు తేలుతుంది.

నాలుగు, తాళ్ళు, తెరచాప కొయ్యలు. ఇవి చాలా ఫలకాల్లో ముందుగా ఆమ్లంతో కొరికించిన గీతలు. లోతైన గీత త్వరగా అరగదు. చుట్టూ ఉన్న నీడ పలచబడుతుంటే గీత మాత్రం అలాగే నిలుస్తుంది. అందువల్ల అరిగిన ప్రతిలో తాళ్ళు ఇనుప తీగల్లా బొమ్మ ముందుకు పొడుచుకొస్తాయి. తాళ్ళు ఎంత స్పష్టంగా ఉన్నాయో అని మురిసి కొనేవాళ్ళున్నారు. నిజానికి ఆ స్పష్టతే హెచ్చరిక. తాడు నీడలో మునిగి ఉండాలి.

అరిగిన ఫలకాన్ని మళ్ళీ రాకర్‌తో గరుకు చేసి బతికించడం కూడా మామూలే. టర్నర్ తన ఫలకాల మీద ఇది తరచుగా చేశాడు, చేసినప్పుడల్లా వెలుతురు, మబ్బులు మార్చాడు కూడా. కాబట్టి తర్వాతి స్థితి అంటే ఎప్పుడూ తక్కువదనే అర్థం లేదు. ఇలాంటి ఒక్కో మార్పునూ స్టేట్ అంటారు. లిబెర్ బొమ్మల స్టేట్‌లను రాలిన్‌సన్ జాబితా (1878) వివరంగా నమోదు చేసింది. అమ్మేవారు రాలిన్‌సన్ సంఖ్య, స్టేట్ సంఖ్య చెప్పగలిగితే వాళ్ళకు విషయం తెలుసని అర్థం. రెండూ చెప్పలేకపోతే మీరే భూతద్దంతో సమాధానం వెతుక్కోవాలి.

వెతకదగిన వరుసలు

1720ల్లో ఎలీషా కిర్కాల్ అనే చెక్కేవాడు డచ్ చిత్రకారుడు వాన్ డి వెల్డ్ సముద్ర చిత్రాలను పచ్చ సిరాతో అచ్చువేశాడు. పచ్చరంగు చూసి నకలని వదిలేయకండి, వాటి స్వభావమే అది.

టర్నర్ లిబెర్ స్టూడియోరమ్ 1807 నుంచి 1819 దాకా భాగాలుగా వచ్చింది. వంద అనుకున్నవాటిలో 71 ఫలకాలు బయటికొచ్చాయి. గోధుమ రంగు సిరా, బొమ్మ సుమారు 18 × 26 సెంటీమీటర్లు. గీతలు చాలావరకు టర్నరే కొరికించాడు, మెజ్జోటింట్ పని ఎక్కువగా చార్లెస్ టర్నర్, విలియం సే, లప్టన్ వంటివారు చేశారు. చార్లెస్‌కు టర్నర్‌తో చుట్టరికం లేదు. తీర దృశ్యాల్లో బెక్స్‌హిల్ దగ్గరి మార్టెల్లో బురుజులు (తీర రక్షణ బురుజులు), గాలి వీచే వేళ ఓడలు, ఇన్వెరరీ పియర్ అనే బొమ్మలు చూడదగ్గవి. చివరిదాన్ని టర్నర్ తన చేత్తోనే చెక్కాడు కూడా, అందుకే దానికి గిరాకీ ఎక్కువ.

కొత్తగా మొదలుపెట్టేవారికి మా సలహా మాత్రం టర్నర్ చిత్రించిన ఇంగ్లండ్ రేవుల వరుస. లప్టన్ ఉక్కు మీద చెక్కాడు. 1826-28లో స్కార్‌బరో, విట్బీ, డోవర్, రామ్స్‌గేట్, షీర్‌నెస్, పోర్ట్స్‌మత్ అనే ఆరు మాత్రమే వచ్చి ఆగిపోయాయి. టర్నర్ 1851లో పోయాక, 1856లో మిగతావి కలిపి 12 ఫలకాలుగా కళా విమర్శకుడు రస్కిన్ వ్యాసంతో పుస్తకం వచ్చింది. కాబట్టి డోవర్ బొమ్మ చేతికొస్తే అది 1820ల ప్రతా, పుస్తకంలోంచి విడదీసిన 1856 ప్రతా అన్నది మొదటి ప్రశ్న. ప్రచురణ వాక్యం, కాగితం, ఎడమ అంచున కుట్టు రంధ్రాలు దీనికి జవాబిస్తాయి. డీల్, సిడ్మత్, మార్గేట్, ఫాల్మత్ అయితే 1820ల ప్రచురణ అనే మాటే పొరపాటు. ఇంగ్లండ్‌కే చెందిన మరో చిత్రకారుడు కాన్‌స్టబుల్ చిత్రాలను డేవిడ్ లూకాస్ 1830-32లో చెక్కిన వరుసలోనూ వేమత్ బే, బ్రైటన్ తీరం, యార్మత్ ఉన్నాయి. అక్కడ నలుపు చాలా బలమైంది, మంచి ప్రతి చూస్తే చాలు ఇంక మరవలేం.

నాలుగో అడుగు: దూరం నుంచి కొనేటప్పుడు

అమ్మేవారిని ఐదు ఫోటోలు అడగండి: ఫ్రేము తీసేసిన మొత్తం కాగితం, వెనక వైపు, పక్క వెలుతురులో ఉపరితలం, ప్రచురణ వాక్యం దగ్గరగా, అన్నిటికన్నా నల్లటి చోటు దగ్గరగా. ఫ్రేము విప్పనంటే ఆ బొమ్మ వదిలేయండి. కాగితం అట్టకు మొత్తంగా అతికించి ఉండవచ్చు, కిటికీ అట్ట (బొమ్మ కనిపించేలా మధ్యలో కోసి పైన పెట్టే అట్ట) కింద అంచులు కత్తిరించి ఉండవచ్చు. పక్క వెలుతురు ఫోటోలో నలుపు మీద మెరిసే చారలు కనిపిస్తే ఎవరో రుద్దారని అర్థం, దానికి మందు లేదు. గోధుమ చుక్కలు కొన్ని ఉంటే పర్వాలేదు, అంచుల్లోనే ఉంటే బెంగే అక్కర్లేదు. ఆకాశంలో ఉంటే మాత్రం కంటికి ఎప్పుడూ అవే ఆనతాయి.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళకు ఒక జాగ్రత్త. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళాకృతిని భారతదేశం నుంచి సొంతంగా బయటికి తీసుకుపోవడానికి లేదు. మీ బొమ్మ ఇంగ్లండ్‌దే అయినా సరే, ఇక్కడికి తెచ్చి మళ్ళీ తీసుకువెళ్ళాలంటే చిక్కు రావచ్చు. కొన్న రసీదు, కస్టమ్స్ పత్రాలు బొమ్మతోపాటే భద్రపరచండి, తేవడానికి ముందే పురావస్తు శాఖను అడిగి తెలుసుకోండి.

ఐదో అడుగు: అట్టకు బిగించడం

సెల్లోటేపు, తెల్ల బంక, రబ్బరు గమ్ము ఏదీ వద్దు. గోధుమ పిండి నుంచి తీసిన స్టార్చి కావాలి. మైదా పనికిరాదు, దాంట్లోని జిగురు పదార్థం పురుగును పిలుస్తుంది. 1 వంతు స్టార్చికి 5 వంతుల శుద్ధజలం పోసి గంట నానబెట్టి, సన్నని సెగ మీద ఆపకుండా కలుపుతూ 20 నుంచి 30 నిమిషాలు ఉడికించండి. తెల్లదనం పోయి గాజులా మారి చిక్కబడాలి. చల్లార్చి సన్నని జల్లెడలో రెండుసార్లు వత్తి, వాడేటప్పుడు మజ్జిగ చిక్కదనానికి పలచబరచండి. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు నిలవుంటుంది, పులిసిన వాసన వస్తే పారేయండి.

జపాన్ కోజో కాగితాన్ని తడి కుంచెతో నీటి గీత గీసి చేత్తో చించి 2.5 × 4 సెంటీమీటర్ల ముక్కలు రెండు చేయండి. కత్తెరతో కోస్తే అంచు గట్టిగా ఉండి ముందువైపు గుర్తు పడుతుంది. బొమ్మ వెనక పై అంచున, మూలలకు కొంచెం లోపలగా, 5 మిల్లీమీటర్ల మేరకే గంజి రాసి అతికించండి. పైన బ్లాటింగ్ కాగితం, గాజు పలక, చిన్న బరువు పెట్టి గంట ఉంచండి. గంజి మరీ నీళ్ళగా ఉంటే కాగితం ముడతపడుతుంది. తర్వాత ముక్కల మిగతా భాగాన్ని వెనక అట్టకు అతికించండి. కింద ఎక్కడా అతికించకూడదు. వానాకాలంలో కాగితం సాగుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది, నాలుగు వైపులా బిగిస్తే నడిమధ్య ఉబ్బుతుంది.

అట్ట నూరు శాతం నూలుదై ఉండాలి. మామూలు ఫ్రేము దుకాణాల్లో వాడే కలప గుజ్జు అట్ట కొన్నేళ్ళలో కిటికీ అంచు వెంట గోధుమ చారను మిగులుస్తుంది. గాజు బొమ్మకు తగలకూడదు. తగిలితే తీరప్రాంతపు చెమ్మకు నల్ల సిరా గాజుకు అంటుకుంటుంది, విడదీస్తే నలుపు గాజుతో వచ్చేస్తుంది. రెండు పొరల కిటికీ అట్ట పెట్టి 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచండి.

చెమ్మ

విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలో గాలి తేమ 70 శాతం దాటడం మామూలు సంగతి, బూజుకు సరిగ్గా కావలసింది అదే. కాగితానికి 45 నుంచి 55 శాతం హాయిగా ఉంటుంది. హైదరాబాదులో ఎండాకాలంలో దీనికి తలకిందుల బాధ. 30 శాతం కిందికి పడితే కాగితం పెళుసెక్కుతుంది. రెండు వందల రూపాయల తేమ కొలమానం ఒకటి బొమ్మ ఉన్న గదిలో పెట్టి నెల రోజులు అంకెలు రాసుకోండి, ఏం చేయాలో అదే చెబుతుంది.

వాన కొట్టే బయటి గోడకు, స్నానాలగది గోడకు తగిలించకండి. నెమ్మెక్కే గోడ ఏదో ఇంట్లోవాళ్ళందరికీ తెలుసు, సున్నం ఎక్కడ పొట్టు లేస్తుందో అదే. ఫ్రేము వెనక కింది రెండు మూలలకు 5 మిల్లీమీటర్ల కార్కు ముక్కలు అతికిస్తే వెనక గాలి ఆడుతుంది. సూటి ఎండ పడకూడదు. బీరువాలో దాచేవాటికి ఒక్కో బొమ్మ మీదా ఆమ్లం లేని పలచటి కాగితం కప్పి, చదునుగా, ఒకదాని మీద ఒకటి పదికి మించకుండా పేర్చండి. బరువు ఎక్కువైతే నలుపు మీది మఖమల్ అణిగి మెరుపెక్కుతుంది. వేపాకు, కలరా ఉండలు కాగితానికి తగిలేలా పెట్టవద్దు, ఆకు మరక పోదు. సిల్వర్‌ఫిష్ కోసం బీరువా అడుగున జిగురు ఉచ్చు ఒకటి పెట్టి రెండు వారాలకోసారి చూడండి.

బూజు కనిపిస్తే తుడవకండి. తుడిస్తే బూజు నలుపులోకి ఇంకుతుంది. ఫ్రేము విప్పి, ఫ్యాను కింద కాకుండా ఆరిన గదిలో రెండు రోజులు నీడన ఉంచి, బూజు పొడిబారాక అంచుల్లో మాత్రమే మెత్తని కుంచెతో బయటి వైపుకు తోయండి. బొమ్మ మీద ఉన్న బూజును, గోధుమ చుక్కలను బ్లీచింగుతోనో, రొట్టె ముక్కతోనో, రబ్బరుతోనో తీయబోవద్దు. ఆ పని కాగితపు సంరక్షకులు చేయాలి. వాళ్ళకు చూపేదాకా, ఆరిన బొమ్మను ఆమ్లం లేని కాగితం మడతలో విడిగా పెట్టి, మిగతా బొమ్మలకు దూరంగా ఉంచండి.